మైలో హ్రూస్కా గుణదోషాలు, మా బావ తీర్పు

మా బావ ఎల్డన్ స్ట్రూబెల్‌కి నలుగురి ముందు మాట్లాడటం ఒక్క పద్ధతిలోనే వచ్చు. అది ఆవుల పద్ధతి.

బావకి మా సెయింట్ ఓడిల్ ఊరి బయట పాడి ఉంది. ఏటా వేసవి చివర్లో చుట్టుపక్కల జిల్లాల పశు ప్రదర్శనలకి ఆయనే జడ్జి. రంపపు పొట్టు పరిచిన బరిలో తెల్ల ప్యాంట్లు వేసుకున్న పిల్లలు ఆవుల్ని గుండ్రంగా నడిపిస్తుంటే, బావ చేతులు వెనక్కి కట్టుకుని, పెదవి బిగించి వాటి చుట్టూ తిరుగుతాడు. తిరిగి తిరిగి ఒకదాన్ని ముందుకి లాగుతాడు, ఇంకోదాన్ని వెనక్కి పంపుతాడు. తర్వాత మైకు పుచ్చుకుని, మొదటిదాన్ని రెండోదాని మీద ఎందుకు పెట్టాడో కారణాలు చెప్తాడు. ముందు బలాలు, తర్వాత లోపాలు, ఆఖర్న ఒప్పుకోలు. ఒప్పుకోలు లేకపోతే అది తీర్పే కాదు. "రెండో ఆవు గిట్టలు మొదటిదాని కంటే గట్టివి, అది ఒప్పుకుంటాను" అని జడ్జి తన నోటితో అంటేనే ఓడిపోయిన ఆవు తాలూకు మనిషి ఇంటికెళ్ళి సుఖంగా తిండి తింటాడు.

ఆవులకి ఈ పద్ధతి బాగానే ఉంటుంది. బావ దాన్ని ఆవుల దగ్గర ఆపడు, అదీ చిక్కు. పెళ్ళికి పిలిస్తే కేకుని జడ్జి చేస్తాడు. చర్చికి వెళ్తే ప్రసంగాన్ని జడ్జి చేస్తాడు. మా ఆయన హెరాల్డ్ పోయినప్పుడు శవపెట్టె చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చి, "చెక్క మంచిదే రోవీ, పిడులే కాస్త పల్చన" అని నా చెవిలో చెప్పాడు. ఏడుస్తున్నదాన్ని ఏడుపు మర్చిపోయి తిట్టాను.

కానీ ఆయన అసలు సరదా అమెరికన్ ఫుట్‌బాల్‌లో టైట్ ఎండ్ అనే ఆటగాడు. మా జట్టులో బంతి విసిరేవాడికి ఊరూరా భక్తులున్నారు, బంతి పట్టుకుని పరిగెత్తేవాడి పేరు పిల్లలకి పెడతారు. బావ కంటికి వాళ్ళెవరూ ఆనరు. "వాళ్ళంతా ఒక్క పని మనుషులు" అంటాడు. టైట్ ఎండ్ అలా కాదు. వరుస చివర నిలబడి ఎదుటి జట్టు వాళ్ళని గుమ్మడికాయల్లా పక్కకి దొర్లించాలి. మళ్ళీ అంతలోనే పరిగెత్తి, బంతి తన వైపు వస్తే మెత్తగా అందుకోవాలి. పాలూ ఇవ్వాలి, బండీ లాగాలి. అలాంటి జీవి ఎక్కడ కనబడినా బావకి జడ్జి చెయ్యకపోతే తోచదు.

అందుకని ప్రతి ఆదివారం ఆట మొదలయ్యే ముందు బావ ఊళ్ళో నేను నడిపే బార్‌కి వచ్చి, శనివారాల్లో మేం మాంసం బహుమతిగా పెట్టే లాటరీకి వాడే మైకు అందుకుని, మా టైట్ ఎండ్ గుణదోషాలు చెప్పడం ఆనవాయితీ అయిపోయింది. జనం బ్రాండీ కలుపుకుంటూ, వేయించిన చీజు ముక్కలు నములుతూ వింటారు. వినకపోతే మైకు వదలడు.

ఈ ఏడాది మా టైట్ ఎండ్ మైలో హ్రూస్కా అనే నెబ్రాస్కా కుర్రాడు.

"మైలో హ్రూస్కా, పొలం మీద పెరిగిన పిల్లాడు" అని మొదలుపెట్టేవాడు బావ. "ముందు నుంచి చూస్తే ఛాతీ వెడల్పు, మెడ పొట్టి. నిలబడితే నాలుగు మూలలా బలం. వెన్ను తిన్నన. ఎదురొచ్చినవాణ్ణి ఆపడంలో వీడికి సాటి లేదు. ఇక లోపాలు. మలుపు తిరగడంలో నా ట్రాక్టరే నయం. చేతులంటారా, చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. వేడి పెనం పట్టుకున్నట్టు పట్టుకుంటాడు బంతిని."

"రెండో స్థానం ఎవరికి?" అని గిబ్ అరిచేవాడు. గిబ్ మా తపాలా బంట్రోతు, రిటైరై నా బార్‌లో స్థిరపడ్డాడు.

"పోయినేడాది వాడికి. వాడి చేతులు మెత్తన, అది ఒప్పుకుంటాను."

"వాడు ఏడాదంతా కాలు విరిగి మంచంలో ఉన్నాడు కదయ్యా!"

"మంచంలో ఉండి కూడా బంతి జారవిడవలేదు."

ఇలా నవ్వుకుంటూ గడిచిపోయేదే, పెళ్ళిరోజు రాకపోతే.

బావకీ మా అక్క జెనీవాకీ పెళ్ళై ముప్ఫై ఏళ్ళు నిండాయని, అక్టోబరులో ఒక శుక్రవారం, నా బార్ వెనక హాల్లో విందు పెట్టాం. వేయించిన చేప, బంగాళాదుంప సలాడ్, మూడు అంతస్తుల కేకు. అంతా సవ్యంగా నడుస్తుంటే గిబ్ గాడు గ్లాసు మీద చెంచాతో కొట్టి, "ఎల్డన్, మీ ఆవిడ గురించి రెండు ముక్కలు చెప్పు" అన్నాడు. ఆ గిబ్‌ని నేను ఈ జన్మకి క్షమించను.

బావ లేచాడు. నేను ఆయన చేతులు చూశాను. అవి వెనక్కి వెళ్ళి కట్టుకున్నాయి. 

"జెనీవాని మొదటి స్థానంలో పెట్టాను" అన్నాడు మైకులో. "కారణాలు చెప్తాను. ఆకారం నిండుగా ఉంది. ఛాతీ లోతు. తిన్న తిండి దండగ పోదు, ఇన్నేళ్ళయినా పని తగ్గలేదు. స్వభావం బరిలో బాగానే ఉంటుంది, కొట్టంలో కాస్త తలవిసురు. లోపాలు చెప్పాలంటే ఈమధ్య వెన్ను కొంచెం దిగింది. నడిపిస్తే కుడి వెనక కాలు కుదురుగా పడదు."

"వెనక కాలా?" అంది మా అక్క.

అక్కడితో ఆపి కూచున్నా సరిపోయేది. కానీ తీర్పుకి రెండో స్థానం కావాలి కదా. బావ చూపు హాలంతా వెతికి, కిటికీ పక్క బల్ల దగ్గర ఆగింది. అక్కడ లవోన్ కూల్మై మొగుడి పక్కన కూచుని చేప తింటోంది. పెళ్ళికి ముందు ఒక వేసవంతా బావ డాన్సులకి తీసుకెళ్ళింది ఆవిడనే.

"రెండో స్థానం లవోన్ కూల్మైకి" అన్నాడు బావ. "లవోన్ కాళ్ళు ఇప్పటికీ దృఢంగా ఉన్నాయి. అది ఒప్పుకుంటాను."

"థాంక్స్ ఎల్డన్" అంది లవోన్.  వాళ్ళాయన ఫోర్కు కింద పెట్టి బావ వంక చూశాడు. మా అక్క లేచి, కోయని కేకుని పళ్ళెంతో సహా ఎత్తుకుని, బార్ మీది నా గదిలోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకుంది. అతిథులు కేకు లేకుండానే ఇళ్ళకి పోయారు.

మర్నాడు పొద్దున్నే బావ కిటికీ కింద నిలబడ్డాడు.

"జెనీవా! నిన్ను మొదటి స్థానంలోనే కదా పెట్టాను!"

కిటికీ తెరుచుకుంది. కేకు పై అంతస్తు కిందికి వచ్చింది. బావ పక్కకి తప్పుకున్నాడు. ఆ వయసులో అంత చురుగ్గా తప్పుకుంటాడనుకోలేదు, అది ఒప్పుకుంటాను.

ఇక్కడ ఆ కాలు సంగతి చెప్పాలి. చెప్పేటప్పుడు నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. చాలా ఏళ్ళ కిందట, బావ పక్క జిల్లాకి జడ్జిగా వెళ్ళిన వారంలో, కొట్టంలో ఒక తొలిచూలు ఆవు అక్కని మోకాలి మీద తన్నింది. ఆ రోజు పాలు పిండే మిషన్లు తగిలించడానికి ఇంకో మనిషి లేడు. అక్క మోకాలికి తువ్వాలు చుట్టుకుని, గోడ పట్టుకుని నడుస్తూ, ఆవులన్నిటి పాలూ పిండింది. వారమంతా అలాగే చేసింది. బావ తిరిగొచ్చి ప్రదర్శనలో తను చెప్పిన కారణాలన్నీ వరసగా వినిపించాడు, అక్క నిలబడే విన్నది. కుంటుతోందేమని ఆయన అడగలేదు, ఈవిడ చెప్పలేదు. అప్పట్నుంచి ఆ కాలు అంతే. ఇప్పుడు ఆ కాలికే మైకులో మార్కులు తగ్గించాడు మహానుభావుడు.

సరే, కోపం న్యాయమైనదే. కానీ ఆ కోపం కాపురం పెట్టింది నా ఇంట్లో. మా అక్క మనసు బాగాలేకపోతే సర్దుతుంది. నా వంటింట్లో గిన్నెలు ఎక్కడున్నాయో నాకే తెలియకుండా పోయింది. చేపకి పూసే పిండిలో ఏవో గింజలు కలిపింది. జనం "ఇవాళ చేప అద్భుతం" అనడం మొదలుపెట్టారు, అది ఇంకా పెద్ద అవమానం. ఇక ఆవిడ గురక పెడితే కింద సీసాలు మోగుతాయి. అక్కంటే నాకు ప్రాణం. ఆ ప్రాణం తన ఇంటికి తను వెళ్తే బాగుండునని పొద్దున్నే లేచి దేవుణ్ణి అడిగేదాన్ని.

బావ మాత్రం ఆదివారాలు మానలేదు. గడ్డం మాసిపోయి, చొక్కా తిరగేసి తొడుక్కుని వచ్చేవాడు. మైకు పట్టుకుని మైలోని ఝాడించి వెళ్ళేవాడు. అక్క బార్‌లోకి తెరుచుకునే వంటింటి కిటికీలోంచి వింటూ ఊరుకునేది. నవంబరులో ఒక ఆదివారం మాత్రం ఊరుకోలేదు. అంతకుముందు ఆటలో మైలో సరిగ్గా గోల్ గీత దగ్గర బంతి జారవిడిచాడు. బావ ఆ చేతుల్ని దుమ్మెత్తిపోస్తున్నాడు.

"ఏమయ్యా ఎల్డన్" అంది అక్క కిటికీలోంచి. వారాల తర్వాత ఆయనతో మాట్లాడిన మొదటి మాట అది. బార్‌లో గ్లాసులన్నీ గాల్లోనే ఆగాయి. "ఆ కుర్రాణ్ణి ఎప్పుడైనా చూశావా నువ్వు?"

"అదేం మాట? ప్రతి ఆటా చూస్తూనే ఉన్నా."

"ఆట చూస్తున్నావు. వాణ్ణి చూడట్లేదు. బంతి వాడి దగ్గరికొస్తే చూస్తావు, పోతే నీ చూపూ దానెంటే పోతుంది. ఆ బంతేమో వాడి మొహానికి చాలా అరుదుగా వస్తుంది. మిగతా టైమంతా వాడేం చేస్తున్నాడో చెప్పు చూద్దాం."

బావ మైకు దించాడు. "ఎవరైనా బంతినే చూస్తారు జెనీవా."

"అయితే ఆవులకీ అలాగే చెయ్యి. పాలు చేపే వేళకి వచ్చి, పొదుగొక్కటి చూసి రిబ్బన్ కట్టేసి ఇంటికి పో."

గిబ్ ఈల వేశాడు. బావ చెవులు ఎర్రబడ్డాయి. జడ్జిని పట్టుకుని ఆవు చుట్టూ తిరక్కుండా తీర్పు చెప్తావన్నారంటే మా జిల్లాలో అంతకన్నా పెద్ద తిట్టు లేదు.

"ఏం చెయ్యమంటావ్ మరి?"

"ఒక్క ఆట మొత్తం వాణ్ణే చూడు. బంతి వంక చూడకు. వచ్చి మైకులో కారణాలు చెప్పు. నచ్చితే ఇంటికొస్తా. నచ్చలేదా, ఇక్కడే ఉండిపోతా. రోవీకి నేనంటే ఇష్టమే."

నేను ఆ మాటకి తల ఊపాను గానీ లోపల నా వంటిల్లు కళ్ళ ముందు తిరిగింది. టీవీలో అయితే కెమెరా కూడా బంతి వెనకే పోతుంది, మైలో కనపడడు. స్టేడియానికే వెళ్ళాలి. హెరాల్డ్ నాకు వదిలివెళ్ళిన ఆస్తుల్లో ఈ బారు రెండోది. మొదటిది స్టేడియంలో రెండు సీట్లు. మా వైపు వాటి కోసం పుట్టిన రోజే పిల్లల పేర్లు జాబితాలో రాయించి, తాతలయ్యాక కూడా ఎదురుచూస్తుంటారు. ఆ రెండో సీటు నేను ఎవరికీ ఇవ్వను. అక్కని ఇంటికి పంపించడానికి ఇచ్చాను.

మరుసటి ఆదివారం బార్ అక్కకి అప్పజెప్పి, బావని కారెక్కించుకుని వెళ్ళాను. ఆయన జింకల వేటకి వేసుకునే నారింజ రంగు కోటు తొడిగి, వేట దుర్భిణి మెళ్ళో వేసుకుని వచ్చాడు. స్టేడియం బయట జనం పొగల్లో సాసేజ్‌లు కాలుస్తూ, "రండి రండి" అని పిలిచినా ఆగలేదు. సీట్లో కూచోగానే దుర్భిణి కళ్ళకి పెట్టి మైలోని వెతికి పట్టుకున్నాడు. ఇక దించితే ఒట్టు.

నా జీవితంలో అంత వింత ఆట చూడలేదు. చుట్టూ జనం సముద్రంలా లేస్తారు, కూచుంటారు, అరుస్తారు. బావ మాత్రం చెట్టు మీద కూచున్న వేటగాడిలా కదలకుండా ఒక్క మనిషి మీదే.

వెనక వరుసలో చీజు ముక్క ఆకారం టోపీ పెట్టుకున్న లావాటి ఆయన బావ భుజం పట్టి ఊపేశాడు. "చూశారా! గీత దాటేశాడు, టచ్‌డౌన్! అబ్బ, ఏం పరుగు!"

"లేదు" అన్నాడు బావ. "మైలో ఎడమ బూటు లేసు ఊడింది."

ఆయన నా వంక జాలిగా చూశాడు. "ఇంట్లో ఏమైనా కష్టాలా అమ్మా?"

"ఉన్నాయండీ. పైన నా గదిలో ఉన్నాయి" అన్నాను.

ఒకసారి జనం హోరుకి బావ మెడ బంతి వైపు తిరగబోయింది. పిక్క మీద తన్నాను. "అబ్బా! ఎవరికి స్కోరు వచ్చిందో అదైనా చెప్పవే మరదలా!" అని బతిమాలాడు. చెప్పలేదు. చెప్తే ఇంకా ఏమేం అడుగుతాడో నాకు తెలుసు.

ఆట మూడో పావు భాగంలో బంతి మైలో వైపు వచ్చింది. సాఫీగా, రొట్టె మీద వెన్నలా వచ్చింది. జారవిడిచాడు. జనం మొత్తం తిట్టారు. నేనూ తిట్టాను, దాచుకోవడమెందుకు. ఇక బావ మొదలుపెడతాడు, అక్క నా ఇంట్లోనే ముసలిదవుతుంది అనుకున్నాను. బావ దుర్భిణిని ఇంకా గట్టిగా కళ్ళకి నొక్కుకున్నాడు.

కాసేపయ్యాక మెల్లగా అన్నాడు. "ఎడమ చేతి రెండు వేళ్ళు కలిపి టేపు చుట్టాడు రోవీ. మొదట్లో లేదు. ఇందాక అందరూ ఒకరి మీద ఒకరు గుట్టలా పడ్డప్పుడు ఎవడో బూటుతో తొక్కాడు, నేను చూశాను. వెళ్ళి చుట్టించుకుని వచ్చాడు. ఎవరికీ చెప్పినట్టు లేదు."

ఆట ఆఖరికి వచ్చేసరికి రెండు జట్లూ సమానం. చివరి అవకాశం. మా జట్టులో పరిగెత్తేవాడు బంతి పుచ్చుకుని కుడి పక్కనుంచి దూసుకుపోయి గీత దాటాడు. స్టేడియం బద్దలైపోయింది. నేను చీజు టోపీ ఆయన్ని కౌగలించుకున్నాను, ఆయన పేరు కూడా తెలీదు. తిరిగి చూస్తే బావ దుర్భిణి పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

"గెలిచాం బావా! గెలిచాం!"

"లేచాడు" అన్నాడు బావ.

"ఎవరు?"

"మైలో. ఇద్దర్ని పట్టి పక్కకి తోశాడు, అందుకే దారి వచ్చింది. ఆ ఇద్దరూ వాడి మీదే పడ్డారు. మనవాళ్ళంతా బంతి పట్టుకున్నవాడి దగ్గరికి పరిగెత్తారు. ఒక్కడూ వీడికి చెయ్యివ్వలేదు. వాడే లేచి, వాడి గడ్డి వాడే దులుపుకుని, వెళ్ళి అందరి వెనకా నిలబడి చప్పట్లు కొడుతున్నాడు చూడు."

దుర్భిణి నాకివ్వబోయి, ఇవ్వకుండా మళ్ళీ తన కళ్ళకే పెట్టుకున్నాడు. ఆయన కళ్ళు చెమర్చాయని నాకు అర్థమైంది. చలికి అని అనుకున్నట్టు నటించాను.

తిరుగు ప్రయాణంలో బావ నోరెత్తలేదు. మాట్లాడని ఎల్డన్ స్ట్రూబెల్‌ని నేను అదివరకు ఎరగను. ఊపిరి ఆడుతోందో లేదోనని రెండుసార్లు పక్కకి చూశాను. ఊరి పొలిమేరలో నోరు విప్పాడు.

"జెనీవాని తన్నింది ఏ ఆవు రోవీ?"

"నీకు తెలీదా?"

"అడగలేదు."

"పెటూనియా."

 పెటూనియా మరుసటి ఏడాది రాష్ట్ర ప్రదర్శనలో మొదటి బహుమతి తెచ్చిన ఆవు. దాని ఫోటో మా అక్కావాళ్ళ హాల్లో పెళ్ళి ఫోటో కన్నా పెద్దది. స్వభావం చాలా సాధువని ఆనాటి జడ్జి మెచ్చుకున్నాడు కూడా.

బార్ చేరేసరికి లోపల ఇసకేస్తే రాలనంత జనం. ఆట గెలిచిన సంబరం సగం, అక్క ఇంటికి వెళ్తుందా లేదా అన్న పందేలు సగం. అక్క వంటింటి కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. బావ మైకు తీసుకున్నాడు. అలవాటు ప్రకారం చేతులు వెనక్కి పెట్టుకోబోతే మైకు అడ్డొచ్చింది. అలాగే వదిలేశాడు.

"మైలో హ్రూస్కాని మొదటి స్థానంలో పెట్టాను" అన్నాడు.  "కారణాలు చెప్తాను. ఇవాళ ఆటంతా వాణ్ణే చూశాను. ఇన్నాళ్ళూ బలం అంటే వీడి ఛాతీ అనేవాణ్ణి. కాదు. ప్రతిసారీ వరుసలోకి ముందు వచ్చి నిలబడేది వీడే. పక్కవాడు తడబడితే వాడి పని కూడా వీడే చేస్తాడు. బంతి రాదని తెలిసి కూడా, వస్తుందేమో అన్నట్టే పరిగెత్తుతాడు. గీత దాటినవాడి వెనక వీడుంటాడు. ఫోటోలో ఉండడు."

"లోపాలు?" అన్నాడు గిబ్. వాడికి సమయం సందర్భం లేదు.

"చేతుల్లో లోపం ఉందని ఇన్ని వారాలు ఇక్కడే నిలబడి అన్నాను. ఇవాళ బంతి జారింది వేళ్ళు నలిగిపోయి, ముందు ఆటల్లో ఎందుకు జారిందో నేను చూడనే లేదు. లోపం ఎక్కడినుంచి వచ్చిందో కనుక్కోకుండా లోపం అనకూడదు. జడ్జి అన్నవాడు అసలు అనకూడదు." బావ ఒక్కసారి కిటికీ వైపు చూసి, చూపు దించుకున్నాడు. "చేతులైనా అంతే. కాళ్ళైనా అంతే."

 అక్క కదల్లేదు. ముఖంలో ఏమీ లేదు. నా వంటిల్లు ఇక నాది కాదు అనుకున్నాను.

"మరి రెండో స్థానం ఎవరికి ఎల్డన్?" అన్నాడు గిబ్. చెప్పాను కదా, వాడికి లేదని.

"రెండో స్థానం జడ్జికి" అన్నాడు బావ.

"అయితే ఒప్పుకోలు చెప్పాలి. జడ్జికి మొదటివాళ్ళ కన్నా మెరుగైన గుణం ఒకటైనా ఉండాలి కదా. లేకపోతే తీర్పు చెల్లదు."

బావ ఆలోచించాడు. పైకి చూశాడు, బూట్ల వంక చూశాడు, మైకుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు ప్రతి గొడ్డులోనూ ఏదో ఒక మంచి వెతికి మైకులో చెప్పిన మనిషికి తనలో ఒక్కటీ దొరకలేదు. జనం నవ్వడం మానేశారు. నాకు ఆయన మీద మొదటిసారి జాలేసింది. నేనే ఏదో ఒకటి అరుద్దామనుకున్నాను గానీ, నిజం చెప్పాలంటే నాకూ ఏదీ తట్టలేదు.

"కాళ్ళు గట్టివి" అంది అక్క కిటికీలోంచి. "అది ఒప్పుకుంటాను."

ఆ తర్వాత లేచిన అరుపుల ముందు స్టేడియం ఎందుకూ పనికిరాదు. జనంలో ఎక్కడో లవోన్ మొగుడు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు. అక్క నా ఏప్రన్ విప్పి నా మొహాన పడేసి, కోటు తగిలించుకుంది. "పద, పాల వేళయింది. ఆవులు అరుస్తుంటాయి. చొక్కా తిరగేసుకుని స్టేడియానికి వెళ్ళావా? పరువు తీశావు కదయ్యా."

బయట మెట్ల మీద మంచు గడ్డకట్టింది. బావ ముందు దిగాడు. నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి వచ్చి, కింది మెట్టు దగ్గర నిలబడి చెయ్యి చాపాడు.

అక్క ఆ చేతి వంక చూసింది. "ఏంటిది?"

"పట్టుకో."

"ఏమైంది నీకు, జ్వరమా?"

"పట్టుకో జెనీవా."

పట్టుకుంది. కుడి కాలు ముందు పెట్టి మెల్లగా దిగింది. కారు దాకా ఆ చెయ్యి వదల్లేదు.